పన్నెండు సచివాలయాలకు పన్నెండుమంది ఏఎన్‌ఎంలు ఉన్నా రెండుచోట్ల పని ఎందుకు సాగడం లేదు?

డాక్టరమ్మ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖలో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికి కొత్తగా మెడికల్ ఆఫీసరుగా వచ్చారు. మీ పరిధిలో సుమారు 50 వేల జనాభా, పన్నెండు వార్డు సచివాలయాలు, ఒక్కోదానికి ఒక ఏఎన్‌ఎం (ఇంటింటికీ తిరిగే నర్సమ్మ). జనాభా అన్నిచోట్లా ఇంచుమించు నాలుగేసి వేలే. అయినా కొండవాలులో ఉన్న రెండు సచివాలయాలు నెలనెలా రివ్యూలో అట్టడుగునే ఉంటున్నాయి. ఆ ఇద్దరు ఏఎన్‌ఎంలను మార్చాలా, లేక ఇంకో ఇద్దరిని ఇమ్మని పైకి రాయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ ఇద్దరినీ మార్చకండి. ఇంకో ఇద్దరిని ఇమ్మని కూడా రాయకండి. ముందు ఆ రెండు సచివాలయాల్లో ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో లెక్క కట్టండి. జనాభాను బట్టి తలా ఒకరిని పంచితే ఇలాగే అవుతుంది, గంటలు లెక్కేసి పంచాలి. నేను చూసినంతలో కొండవాలు సచివాలయంలో ఒక్క మనిషి మీద దాదాపు ఇద్దరి పని ఉంటుంది. అందులో పెద్ద భాగాన్ని, పని చేసే చోటూ వేళా మార్చి తగ్గించొచ్చు. మిగిలినదానికి పని తక్కువున్న సచివాలయాల నుంచి నెలకు రెండేసి రోజులు తెచ్చుకోవచ్చు. పైకి రాసేటప్పుడు అడగాల్సింది ఒక్క రిలీవర్‌ని, అంటే ఎవరు సెలవు పెడితే వాళ్ల స్థానంలో పనిచేసే మనిషిని. అదెందుకో కింద చెప్తాను.

నేను ఉమ్మడి విశాఖ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా చేశాను. పాడేరు వైపు హెల్త్ అసిస్టెంటుగా మొదలుపెట్టి, తర్వాత సూపర్‌వైజరుగా చేసి, ఆఖరి ఏళ్లు నగరంలో సిబ్బంది సర్దుబాట్లు చూస్తూ రిటైరయ్యాను.

ముందు నార్ముల సంగతి, అంటే ఎంత జనాభాకు ఒక కేంద్రం, ఒక మనిషి అని సర్కారు పెట్టిన లెక్క. మైదాన ప్రాంతంలో సబ్ సెంటరుకు 5,000 జనాభా. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000. పీహెచ్‌సీకి అయితే మైదానంలో 30,000, ఏజెన్సీలో 20,000. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు పట్టణ కేంద్రానికి 50,000 అన్నారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాక నగరంలో సుమారు నాలుగు వేలకు ఒక వార్డు ఆరోగ్య కార్యదర్శి, అంటే మన ఏఎన్‌ఎం, వచ్చారు. ఈ అంకెల్లో ఒక న్యాయం ఉంది, గమనించండి. కొండ ఎక్కి చేసేచోట ఒక మనిషి తక్కువమందినే చూడగలదని నార్మే ఒప్పుకుంది. కానీ ఆ వెసులుబాటు పల్లెకీ, ఏజెన్సీకీ రాసింది. మన విశాఖలో కొండలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. కంచరపాలెం, తాటిచెట్లపాలెం వైపు మెట్లదారి తప్ప వేరే దారిలేని ఇళ్లు ఎన్ని లేవు! కాగితం మీద అవన్నీ పట్టణమే కాబట్టి, ఎంవీపీ కాలనీలో ఫ్లాట్లకి ఏ నార్మో ఆ మెట్లదారికీ అదే. మీ రెండు సచివాలయాలు వెనకబడ్డది అక్కడే.

గంటల లెక్క ఎలా కట్టాలో చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లది 'విస్న్' అనే పద్ధతి ఉంది. అందులో సారం చిన్నదే. ఒక మనిషికి ఏడాదిలో నిజంగా దొరికే పనిగంటలెన్ని, ఆ చోట ఉన్న పనికి పట్టే గంటలెన్ని, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎంతమంది కావాలో వస్తుంది. ఉన్నవాళ్లను కావాల్సినవాళ్లతో భాగిస్తే ఒత్తిడి తెలుస్తుంది. ఒకటికంటే తక్కువ వస్తే అక్కడ మనిషి నలిగిపోతున్నట్టు.

వారానికి ఆరు రోజుల చొప్పున ఏడాదికి 312 పనిరోజులు. పండగ సెలవులు 20, క్యాజువల్ లీవులు 15, మిగతా సెలవులు ఇంకో 15, సమావేశాలూ శిక్షణలూ 12 తీసేస్తే 250. అందులో బుధ, శనివారాలు టీకాలవి. ఏడాదికి ఓ వంద రోజులు అటు పోతాయి. ఫీల్డుకి మిగిలింది 150 రోజులు. రోజుకి ఏడు గంటల్లో ఆన్‌లైన్ ఎంట్రీలకీ, రిజిస్టర్లకీ, సచివాలయం పనికీ గంటన్నర పోతుంది. అంటే రోజుకి ఐదున్నర, ఏడాదికి 825 గంటలు. ఏడాది మొత్తంలో ఆ అమ్మాయి ఇళ్లకు వెళ్లడానికి ఉన్నది ఇంతే. రివ్యూ మీటింగుల్లో ఈ అంకె బోర్డు మీద ఎవరూ రాయరు. రాస్తే సగం కేకలు తగ్గుతాయి.

ఇక పని. నాలుగు వేల జనాభాలో 30 ఏళ్లు దాటినవాళ్లు రెండు వేలు అనుకుందాం. వీళ్లందరికీ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూడాలి. ఫ్లాట్ల వీధిలో నడకతో కలిపి మనిషికి 10 నిమిషాలు, అంటే 333 గంటలు. కొండవాలులో 15 నిమిషాలు, అంటే 500. వెయ్యికి పదిహేను కాన్పుల చొప్పున 60 కాన్పులు, గర్భిణులు 66 మంది. ఫ్లాట్లలో ఎక్కువమంది ప్రైవేటుకి వెళ్తారు కాబట్టి సగటున ఒక్క విజిట్టు చాలు, విజిట్టుకి 20 నిమిషాల చొప్పున 22 గంటలు. కొండ మీద నాలుగేసి విజిట్లు, 88 గంటలు. ఇంతవరకు తేడా మరీ పెద్దదేం కాదు. అసలు గంటలు తినేది బీపీ, షుగరు ఉన్నాయని తేలినవాళ్ల నెలవారీ మందులు. రెండు వేలలో నాలుగో వంతు, 500 మంది అనుకోండి. ఫ్లాట్లలో సగంమంది సొంత డాక్టరు దగ్గరికి పోతారు. మిగతా 250 మందికి నెలకోసారి ఆరేసి నిమిషాలు, ఏడాదికి 300 గంటలు. కొండ మీద 500 మందీ మీవాళ్లే. నెలకోసారి పదేసి నిమిషాలు, ఏడాదికి వెయ్యి గంటలు.

కూడితే ఫ్లాట్ల వైపు 655 గంటలు, కొండవాలు 1,588. ఉన్నవి 825 గంటలు కదా. అక్కడ 0.79 మనిషి చాలు. ఇక్కడ 1.92 మంది కావాలి. జనాభా రెండుచోట్లా అదే నాలుగు వేలు.

నేను వేసిన అంకెలు ఉదాహరణకి. మీవి మీరు వేసుకోవాలి. నిమిషాలు మాత్రం ఆఫీసులో కూర్చుని వేయకండి. వాచీ పెట్టుకుని ఒక రోజు ఏఎన్‌ఎంతో కలిసి తిరగండి. ఈ మాట ఎందుకంటున్నానో ఒక అనుభవం చెప్తాను.

ఒక మార్చి నెలలో కంచరపాలెం దాటాక ఒక కొండవాలులో ఇలాగే తిరిగాను. ఆమె భుజాన బ్యాగులో బీపీ మెషిను, గ్లూకోమీటరు, మందులు, చంకలో రిజిస్టరు. తొమ్మిదిన్నరకి ఎక్కడం మొదలుపెట్టాం. మెట్లు ఒక సైజులో ఉండవు. ఒకటి మోకాలెత్తు, ఇంకోటి పాదం పట్టనంత సన్నం. పక్కనే కాలువ. పదకొండున్నరకి మూడో వరస చేరేసరికి 24 ఇళ్లు తట్టాం. పది ఇళ్లకి తాళాలు. మగవాళ్లు పోర్టుకీ హార్బర్‌కీ కూలికి, ఆడవాళ్లు కింద ఫ్లాట్లలో ఇంటిపనికి వెళ్లిపోయారు. ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని, "ఈ ఏళప్పుడు ఎవులుంటారమ్మా, నీళ్లొచ్చేటప్పుడు రండి" అంది. నాకు బోధపడలేదు. ఏఎన్‌ఎం చెప్పింది: సాయంత్రం నాలుగు దాటాక కింద కుళాయికి నీళ్లొస్తాయి, కొండ మీదవాళ్లందరూ బిందెలతో అక్కడికి దిగుతారు, పక్కనే రామకోవెల అరుగు ఉంది, నేను అప్పుడప్పుడు అక్కడే కూర్చుని బీపీలు చూసేస్తాను సార్, అని. ఎందుకు రోజూ అలా చేయవు అంటే, టూర్ ప్రోగ్రాంలో ఉదయం అని ఉంది, సాయంత్రం చేస్తే హాజరు లెక్కలో రాదు అంది.

చూడండి. సమస్యా ఆమెకే తెలుసు, పరిష్కారమూ ఆమెకే తెలుసు. అడ్డం పడింది మా కాగితం.

మేం చేసిందల్లా ఆ అరుగుని కాగితం మీదికి తేవడమే. వారానికి మూడు సాయంత్రాలు నియమంగా అరుగు దగ్గర మందులిస్తాం అని టూర్ ప్రోగ్రాంలో రాయించాం. అలా సాయంత్రం పని ఉన్న రోజుల్లో ఉదయం ఆలస్యంగా రావడానికి రాతపూర్వకంగా అనుమతి ఇప్పించాం. ఇప్పుడు ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి ఉంది కాబట్టి మీరు ఇది ముందే పై వాళ్లతో మాట్లాడుకోవాలి. నోటిమాటతో పెట్టుకుంటే నెలాఖరున జీతం కట్ అయ్యేది ఆ అమ్మాయికే. ఫార్మసిస్టు ముందురోజే పేరు, వరస నంబరు రాసి మందుల కవర్లు కట్టిపెట్టేవారు. ఆశా కార్యకర్త పక్కన కూర్చుని వచ్చినవాళ్ల పేర్లకి టిక్కు పెట్టేది. చీకటి పడేలోపు ముగించాలి, ఏఎన్‌ఎంని ఒంటరిగా పంపకూడదు అని రెండు షరతులు పెట్టుకున్నాం.

ఇప్పుడు మళ్లీ లెక్క చూడండి. 500 మందిలో 400 మంది అరుగు దగ్గరికొస్తే మనిషికి మూడు నిమిషాలు, ఏడాదికి 240 గంటలు. కదల్లేనివాళ్లు, మంచం మీదున్నవాళ్లు వందమందికి ఇంటికే వెళ్తే 200. వెయ్యి గంటలు 440కి దిగాయి. మొత్తం 1,588 కాస్తా 1,028 అయింది, అంటే 1.25 మంది పని. ఇంకా 203 గంటల లోటుంది. రెండు సచివాలయాలకి కలిపి 406. ఫ్లాట్ల వైపు 0.79 లెక్కన ఉన్న ముగ్గురు నెలకు రెండేసి రోజులు ఇటొస్తే 396 గంటలొస్తాయి. కొత్త పోస్టు లేకుండానే ఇంచుమించు సరిపోయింది.

ఆ ముగ్గురిని పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త. వాళ్లకి ఇచ్చే పని తెలియని మనిషి కూడా చేయగలిగేదై ఉండాలి. ఏడాదికోసారి చేసే బీపీ, షుగరు స్క్రీనింగ్ ఇవ్వండి. గర్భిణుల విజిట్లు, టీకా తప్పిన పిల్లల వెతుకులాట ఆ ఊరి ఏఎన్‌ఎం చేతిలోంచి తీయకండి. ఈ పాఠం నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

ఒక మత్స్యకార పేటలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఏఎన్‌ఎంని, వేరేచోట ఖాళీ పడిందని నేనే ప్రతిపాదన రాసి మార్పించాను. ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయి చురుకైనదే, రిజిస్టరు ముత్యాల్లా రాసేది. మూడు నెలలు తిరిగేసరికి రెండో డోసు, మూడో డోసు తప్పిన పిల్లల పేర్లు పేజీ నిండాయి. కారణం తెలుసుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది. తొలి కాన్పుకి ఆడపిల్లలు కన్నవారింటికి వెళ్తారు. నెలలు నిండాక ఒక పేటలో, పురుడయ్యాక ఇంకో పేటలో, అయిదో నెల దాటాక అత్తవారింట్లో. రిజిస్టర్లో ఒకే పేరు, ఉండేది మూడు ఇళ్లు. పాత ఏఎన్‌ఎంకి ఏ పిల్ల ఏ అమ్మమ్మ దగ్గరుందో నోటికి తెలుసు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు, కాబట్టి ఛార్జి అప్పగింతలో రాలేదు. ఐదు నెలలకి ఆమెను వెనక్కి తెచ్చాను. ఆ మధ్యలో టీకాలు ఆలస్యమైన పిల్లలున్నారు, ఆ తప్పు నాదే. అప్పట్నుంచి ఒక ఏఎన్‌ఎంని మారిస్తే ఆ చోటికి ఆరు నెలల పని నష్టం అని లెక్కలో ముందే రాసుకునేవాణ్ని. ఆ నష్టం భరించినా మార్చడమే మేలు అనిపించిన సందర్భాలూ ఉన్నాయి, కానీ తక్కువ. రివ్యూలో అంకె తగ్గిందని మార్చడం అందులోకి రాదు.

ఆశాలనైతే అసలు కదపలేరు. ఆమె ఆ ఊరి మనిషి, ఆ ఇరుగుపొరుగే ఆమె ఉద్యోగం. పల్లెలో వెయ్యిమందికి ఒకరు, పట్టణంలో రెండొందల నుంచి ఐదొందల ఇళ్లకు ఒకరు. కొండవాలులో ఆశాని తీసుకునే అవకాశం వస్తే కొండ పైవరసలో ఉండే ఆమెను తీసుకోండి. కింద ఉండే ఆమె పైకెక్కదు, పైన ఉండే ఆమె ఎలాగూ రోజూ దిగుతుంది.

టీకాల గురించి ఒక్క మాట. కొండ పైనొకటి, కిందొకటి అని ఒకే రోజు రెండు సెషన్లు పెడితే మనిషి చాలదు, మందూ వృథా అవుతుంది. బీసీజీ, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) సీసాలు తెరిచాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి కదా. మధ్య వరసలో ఒక్కచోటే పెట్టండి.

ఇప్పుడు రిలీవర్ సంగతి. సచివాలయాల ఏఎన్‌ఎంలలో చాలామంది ఆ నియామకాల్లో వచ్చిన చిన్నవయసు ఆడపిల్లలు. పెళ్లిళ్లు, కాన్పులు ఇప్పుడే. ప్రసూతి సెలవు 180 రోజులు, అది వాళ్ల హక్కు. పన్నెండుమంది ఉన్నచోట ఏడాది పొడుగునా ఎవరో ఒకరు సెలవులో ఉంటారనే అనుకుని ప్లాన్ వేయండి. అది ఊహించని కష్టం కాదు, ముందే తెలిసిన సంగతి. అయినా ప్రతిసారీ ఏం జరుగుతుంది? పక్క సచివాలయం అమ్మాయికి ఇన్‌ఛార్జి అంటారు. పక్క సచివాలయం కొండవాలుదే అయితే 1.92 కాస్తా ఇంకా పెరుగుతుంది. అందుకే మీ ప్రతిపాదనలో ఇద్దరు శాశ్వత ఏఎన్‌ఎంలు కావాలని రాయకుండా, పన్నెండింటికీ కలిపి ఒక్క రిలీవర్ కావాలని రాయండి. సెలవులెవరూ పెట్టని వారాల్లో ఆమె కొండవాలులో పనిచేస్తుంది. ఇద్దర్ని అడిగితే ఫైలు ఆగుతుంది, ఒక్కరిని లెక్కతో అడిగితే కదులుతుంది. నాకైతే చాలాసార్లు అలా కదిలింది.

రాసేముందు ఇంకోటి చూసుకోండి. కాగితం మీద ఉన్నవాళ్లు వేరు, కాళ్ల మీద ఉన్నవాళ్లు వేరు. నేను చూసిన ఒక కేంద్రంలో జీతాల బిల్లులో తొమ్మిదిమంది, ఫీల్డులో ఆరుగురు. ముగ్గురు డిప్యూటేషన్ మీద ఎక్కడెక్కడో కంప్యూటర్ల ముందు ఉన్నారు. ఒకరు అలా నాలుగేళ్లయింది. బిల్లులో పేరుంది కాబట్టి ఖాళీ లేదని పైన లెక్క. అలాంటివి మీ దగ్గర ఉంటే ముందు వాటిని రద్దు చేయించమని రాయండి, కొత్త మనిషిని అడగడం ఆ తర్వాత.

జనాభా అంకెనూ గుడ్డిగా నమ్మకండి. 2011 జనాభా లెక్కల్లో విశాఖ నగరం 17 లక్షల పైచిలుకు. ఆ తర్వాత మధురవాడ, పెందుర్తి వైపు ఎంత పెరిగిందో కళ్లతో చూస్తున్నాం. మీ పరిధిలో అపార్టుమెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఒడిశా నుంచీ, ఉత్తరాది నుంచీ వచ్చిన కూలీల కుటుంబాలుంటాయి. ఇంటింటి సర్వేలో వాళ్ల ఇంటికి డోర్ నంబరు ఉండదు, కాబట్టి లెక్కలో ఉండరు. గర్భిణులు మాత్రం ఉంటారు. మేస్త్రీ ఫోను నంబరు ఏఎన్‌ఎం దగ్గర ఉంటే సగం పని అయినట్టే.

ఏడాదంతా ఒకే పద్ధతిలో పంచకండి. వానలు పడ్డాక డెంగీ, మలేరియా జ్వరాల సర్వేకి అందరినీ లాగేస్తారు. ఆ నెలల్లో స్క్రీనింగ్ టార్గెట్ పెట్టుకుంటే రెండూ చెడతాయి. స్క్రీనింగ్‌లో వీలైనంత భాగం ఫిబ్రవరి నుంచి జూన్‌లోపే ముగించుకోండి. జాలర్ల పేట ఏదైనా మీ పరిధిలో ఉంటే ఇంకా తేలిక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మిగతా ఏడాదంతా రోజుల తరబడి సముద్రం మీద ఉండే మగవాళ్లు అప్పుడే ఒడ్డున దొరుకుతారు. వలలు బాగుచేసుకుంటూ ఒకచోట కూర్చుని ఉంటారు. మేం ఆ వలల దగ్గరికే బీపీ మెషిను పట్టుకెళ్లేవాళ్లం. ఇంటికి వెళ్తే దొరకని నలభై, యాభై ఏళ్ల మగవాళ్లు ఒక్క ఉదయంలో అరవై మంది దొరికారు ఒకసారి.

ఏజెన్సీ అనుభవం మీకిప్పుడు నేరుగా పనికిరాదు. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు వైపంతా అల్లూరి సీతారామరాజు జిల్లా. అయినా ఒక్కటి తీసుకోండి. అక్కడ మేం జనాభా పక్కన ఇంకో గడి గీసేవాళ్లం: ఎన్ని గూడేలు, చివరి గూడేనికి నడక ఎంతసేపు, వానాకాలంలో గెడ్డ (వాగు) దాటగలమా లేదా. మీరూ పన్నెండు సచివాలయాలకి ఒక కాగితం మీద పన్నెండు వరసలు గీసి, జనాభా పక్కన "చివరి ఇంటికి ఎన్ని నిమిషాలు", "పగలు తాళం వేసిన ఇళ్లు పదికి ఎన్ని", "మన మందుల మీదే ఉన్న బీపీ, షుగరు మనుషులెందరు" అని మూడు గడులు పెట్టండి. ఈ మూడూ ఏఎన్‌ఎంలే నింపాలి. మీరు ప్రతిదాంట్లో ఒక వీధి తిరిగి సరిచూసుకోండి. మొదటిరోజు కొండవాలుకే వెళ్లండి, సాయంత్రం నీళ్లొచ్చే వేళకి. ఆ కాగితం తయారయ్యాక ఇక్కడ పెడితే, ఎవరి దగ్గర ఎన్ని రోజులు తీసుకోవచ్చో వరసవారీగా కూర్చుని లెక్కేసి ఇస్తాను.